శాన్ బ్రూనోలో దొరికిన ఊరు

శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్టు పక్కనే శాన్ బ్రూనో అనే ఊరుంది. మనవాళ్లలో చాలామంది విమానం దిగి దాని పక్కనుంచే కార్లలో వెళ్లిపోతారు. ఊళ్లో చూడ్డానికి ఏముందని అడిగితే మా ఆఫీసువాళ్లయితే యూట్యూబ్ హెడ్డాఫీసు ఉందంటారు. అక్కడికి దగ్గర్లోనే టాన్‌ఫొరాన్ ఉంది. ఒకప్పుడు అది గుర్రప్పందాల మైదానం. 1942లో జపాన్ మూలాలున్న దాదాపు 8 వేలమందిని తెచ్చి ఆ గుర్రపుశాలల్లో ఉంచారు. వాళ్లలో ఎక్కువమంది అమెరికాలో పుట్టిన పౌరులే. తర్వాత అక్కడ షాపింగ్ మాల్ కట్టారు. ఇంకొంచెం అవతల సైనికుల శ్మశానం, వరసలు తీరిన తెల్లరాళ్లు. ఈ మధ్యలో ఎవరూ తల తిప్పి చూడని ఓ పొట్టి భవనం ఉంది. గోడౌన్‌లా ఉంటుంది. అదే నేషనల్ ఆర్కైవ్స్ శాన్‌ఫ్రాన్సిస్కో శాఖ. పేరుకి శాన్‌ఫ్రాన్సిస్కో, ఉండేది శాన్ బ్రూనోలో.

పౌరసత్వం కోసం ఉత్తర కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టుల మెట్లెక్కినవాళ్ల పాత అర్జీలు ఆ భవనంలో ఉన్నాయి. వీటిని ఇక్కడ నాచురలైజేషన్ రికార్డులంటారు. అమెరికావాళ్లకి తాతముత్తాతల్ని వెతుక్కోవడం ఓ పెద్ద వ్యాపకం. ఆ వెతుకులాటలో ఈ కాగితాలకున్న విలువ మరి దేనికీ లేదు. ఎందుకంటే ‘ఏ దేశం’ అని అడిగే కాగితాలు బోలెడున్నాయి. ‘ఏ ఊరు’ అని అడిగి, ఆ జవాబు మీద ప్రమాణం చేయించినవి మాత్రం తక్కువ.

నేను వెళ్లింది మా టీమ్‌లో అమ్మాయి కోసం. మాతోపాటు కోడ్ రాస్తుంది, ఇంటిపేరు స్పానిష్. కానీ వాళ్ల అమ్మమ్మ పుట్టింటిపేరు సింగ్. ఆ అమ్మమ్మగారికి 88 ఏళ్లు, యూబా సిటీలో ఉంటారు. ఆవిడ తండ్రి పంజాబ్ నుంచి వచ్చిన రైతు, తల్లి టెక్సస్‌లో పుట్టిన మెక్సికన్. ఇలాంటి కుటుంబాలు కాలిఫోర్నియాలో ఒకప్పుడు కొన్ని వందలుండేవి. మొదట్లో వచ్చిన పంజాబీ మగవాళ్లు తమ ఊరినుంచి భార్యల్ని తెచ్చుకునే వీల్లేదు. 1917 చట్టం ఆసియాలో చాలా భాగానికి గీత గీసి, కూలీలెవరూ రాకుండా తలుపులు మూసేసింది. తెల్లవాళ్లని పెళ్లి చేసుకోవడానికి రాష్ట్ర చట్టం ఒప్పుకోదు. పొలాల్లో పక్కనే పనిచేసే మెక్సికన్ అమ్మాయిల్ని చూసి కౌంటీ గుమస్తా ‘ఇద్దరి రంగూ ఒకటేలే’ అనుకుని లైసెన్స్ ఇచ్చేవాడు. అలా ఇంట్లో ఓ గోడకి గ్వాడలూప్ మాత, పక్కనే గురునానక్. పిల్లలకి స్పానిష్ పేర్లు. వంటింట్లో రోటీ మధ్యలో చీజ్ పెట్టి కాల్చిన కెసడియా.

మా అమ్మాయి నా దగ్గరికి వచ్చింది నేను ఇండియావాణ్ణని. పంజాబ్‌కీ ఒంగోలుకీ ఎంత దూరమో చెప్పినా ఊరుకోలేదు. ‘‘మా తాతయ్య ఊరు పేరు పిండ్. మ్యాప్‌లో చూపించు’’ అంది. అమ్మమ్మగారు చిన్నప్పుడు ‘‘నాన్నా, నీది ఏ ఊరు?’’ అని అడిగితే ఆయన ‘‘పిండ్’’ అనేవాడట. ఆవిడ జీవితాంతం అదే చెప్పుకున్నారు. నా పాత రూమ్మేటు లూధియానావాడు కాబట్టి నాకు తెలిసింది. పంజాబీలో పిండ్ అంటే ‘ఊరు’. అంతే. ఎవరైనా మనల్ని ‘ఎక్కడికెళ్తున్నావ్’ అని అడిగితే ‘ఊరెళ్తున్నా’ అంటామే, అదీ సంగతి.

ఈ మాట చెప్పాక అమ్మాయి కాసేపు ఏం మాట్లాడలేదు. ఉన్న ఒక్క ఆధారమూ పోయింది మరి. ఆయన 1945లో పోయాడు. అమ్మమ్మగారికి అప్పుడు ఎనిమిదేళ్లు. ఇంట్లో ఉత్తరాలు లేవు, ఫొటో ఒకటే ఉంది. ఇంకా మిగిలింది ఇంట్లో చెప్పుకునే ఓ కథ. ‘‘ఆయన అమెరికా పౌరుడయ్యాడు. కోర్టులో ప్రమాణం చేసిన రోజు ఇంటికొచ్చి కోడి కోశారు.’’ ప్రమాణం చేస్తే కాగితం ఉంటుంది. కాగితం ఉంటే అందులో ఊరుంటుంది. అందుకే శాన్ బ్రూనో.

ఇక్కడ ఆ కాగితాల గురించి కొంచెం చెప్పాలి. 1906కి ముందు అమెరికాలో పౌరసత్వం దాదాపు ఏ కోర్టయినా ఇచ్చేది. ఫారం ఒక్కో చోట ఒక్కోలా ఉండేది. పేరు, వదులుకుంటున్న దేశం, తేదీ. చాలావాటిలో అంతకుమించి ఏమీ దొరకదు. 1906 జూన్‌లో వచ్చిన చట్టంతో దేశమంతా ఒకే ఫారం పెట్టారు. ఆ సెప్టెంబర్ 27 నుంచి ప్రతిదానికీ ఓ నకలు వాషింగ్టన్‌కి వెళ్లాలన్నారు. వెతికేవాళ్లకి ఆ తేదీ చాలా ముఖ్యం. దాని తర్వాతి కాగితం కోర్టు దగ్గర పోయినా రెండో ప్రతి ప్రభుత్వం దగ్గర ఉండే అవకాశముంది.

పద్ధతి రెండు మెట్లు. ముందు ‘నేను పౌరుణ్ణి కావాలనుకుంటున్నాను’ అని ప్రకటన ఇవ్వాలి. జనం దాన్ని ‘మొదటి కాగితం’ అనేవారు. అందులో వయసు, వృత్తి, ఎత్తు, బరువు, కళ్ల రంగు, ఒంటిమీద మచ్చలు, పుట్టిన చోటు, ఎక్కిన ఓడ, దిగిన రేవు. 1929 జులై నుంచి ఫొటో కూడా. తర్వాత రెండేళ్లు ఆగి అసలు అర్జీ పెట్టాలి. దాంట్లో భార్య లేక భర్త వివరాలు, పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, ‘ఈయన్ని మేమెరుగుదుం, మంచివాడు’ అని చెప్పే ఇద్దరు పౌరుల సాక్షి సంతకాలు. చివర్లో పాత రాజుగారికి విధేయత వదులుకోవడం. ఇండియా నుంచి వచ్చినవాళ్ల ఫారంలో ఆ రాజుగారెవరో తెలుసుగా, గ్రేట్ బ్రిటన్ రాజు, భారత చక్రవర్తి జార్జి!

మొత్తంగా చూస్తే, ఒక రైతు జీవితం గురించి ఇన్ని వివరాలు అతని సొంత ఊళ్లో ఎవరూ రాసిపెట్టి ఉండరు. మా తాత ఎత్తెంతో, ఆయన ఒంటిమీద ఏ మచ్చ ఉండేదో నాకు తెలీదు. మా ఇంట్లో అడిగితే ‘పొడుగ్గా ఉండేవాడు’ అంటారు, అంతే.

ఆర్కైవ్స్ వారం మధ్యలోనే తెరిచి ఉంటుంది, ముందే చెప్పి వెళ్లాలి. ఇద్దరం సెలవు పెట్టాం. బ్యాగు, కోటు, పెన్నులు లాకర్లో పెట్టించారు. లోపల పెన్సిలొక్కటే. ఫోన్‌తో ఫొటో తీసుకోవచ్చు, ఫ్లాష్ వెయ్యకూడదు. బల్లలు పెద్దవి, అంతా నిశ్శబ్దం. పక్క బల్ల దగ్గర ఓ చైనీస్ పెద్దాయన ఫైలు చదువుతున్నాడు. చైనీయుల్ని రానివ్వకుండా 1882లో చేసిన చట్టం కింద ఒక్కొక్కరి మీదా తయారైన విచారణ ఫైళ్లు ఇక్కడ పెట్టెలకి పెట్టెలున్నాయి. ఎవరిని ఎక్కువ అనుమానించారో వాళ్ల గురించే ఎక్కువ కాగితం మిగిలింది. ఆ మాట బయటికి అనబోయి ఆగిపోయాను, గదిలో అంత నిశ్శబ్దం మరి.

పేర్ల సూచికలో వెతకడం మొదలెట్టగానే అసలు చిక్కు అర్థమైంది. సింగ్ పక్కన సింగ్, దాని పక్కన సింగ్.

ఈ సూచికల విషయంలో మా వృత్తికి సంబంధించిన ముచ్చట ఒకటుంది. షికాగో, న్యూయార్క్ లాంటి చోట్ల పాత పౌరసత్వ సూచికల్ని అక్షరక్రమంలో కాకుండా ‘సౌండెక్స్’ పద్ధతిలో అమర్చారు. పేరు ఎలా రాశారన్నది కాదు, ఎలా పలుకుతుందన్నది లెక్క. మొదటి అక్షరం ఉంచి, అచ్చులు తీసేసి, ఒకేలా పలికే హల్లులకి ఒకే అంకె ఇస్తారు. బ, ప, ఫ, వ లకి 1. ద, త లకి 3. ల కి 4, ర కి 6. ఇలా మూడంకెలు. 1918లో పేటెంట్ ఇచ్చిన ఈ పద్ధతి నేటికీ మేము వాడే డేటాబేస్‌లలో ఓ ఫంక్షన్‌గా ఉంది. కాలేజీలో నేర్చుకున్నప్పుడు ఇదేదో గొప్ప విషయం అనుకున్నాను. తర్వాత ఆలోచిస్తే, మనం ఒకటో తరగతిలో ప ఫ బ భ అని ఒకే వరసలో పాడింది ఇదే కదా అనిపించింది. పెదాలతో పలికేవి ఓ చోట, పళ్లతో పలికేవి ఓ చోట.

సౌండెక్స్‌లో సింగ్ అంటే ఎస్ 520. ఆంగ్లంలో ఎన్ని రకాలుగా రాసినా అదే. ఐరోపా పేర్లకి ఇది దివ్యంగా పనిచేస్తుంది. ఊరంతా ఒకే పేరు పెట్టుకున్నవాళ్ల దగ్గర మాత్రం ఆగిపోతుంది. ఇక మన తెలుగు పేర్ల సంగతి చెప్పొద్దు. సరదాకి భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు వేసి చూశాను. ఇంటిపేరు ముందు పెడితే వై 416. అమెరికాలో ఆయన రాసుకున్నట్టు ‘సుబ్బారౌ’ అని కలిపేస్తే ఎస్ 160. ‘రావు’ ఒక్కటే చివరికి చేరిస్తే ఆర్ 000. ఒకే మనిషికి మూడు సొరుగులు. అన్నట్టు, ఫోలిక్ ఆమ్లం నుంచి కేన్సర్ మందు దాకా అంత పని చేసిన ఆ మహానుభావుడు 1948లో పౌరసత్వం లేకుండానే న్యూయార్క్ దగ్గర కన్నుమూశారు. ఆయన రికార్డు వెతికేవాళ్లకి మూడు సొరుగుల్లోనూ ప్రమాణపత్రం దొరకదు. ఈ రోజుల్లో మా స్నేహితుల వీసాల మీద మొదటి పేరు ఉండాల్సిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని పడుతోంది. మొదటి పేరు తెలియదు అని దానర్థం. వందేళ్ల తర్వాత వాళ్ల మునిమనవలు ఏ సొరుగు లాగుతారో మరి.

సింగ్‌ల వరసలో మా అమ్మాయి ముత్తాత పేరున్నవాళ్లు చాలామందే దొరికారు. వయసు కలిస్తే ఊరు కలవదు, ఊరు కలిస్తే భార్య పేరు కలవదు. అప్పుడు జనాభా లెక్కలు తీశాం. 1900 నుంచి 1940 దాకా అమెరికా జనాభా లెక్కల్లో బయట పుట్టినవాళ్ల పేరు పక్కన ఓ గుర్తు వేసేవారు. ‘ఎన్ఏ’ అంటే పౌరుడయ్యాడు, ‘పీఏ’ అంటే మొదటి కాగితం ఇచ్చాడు, ‘ఏఎల్’ అంటే పరాయివాడు. ఈ వెతుకులాటలో చెయ్యాల్సిన మొదటి పని ఇదేనని అక్కడి ఉద్యోగిని చెప్పింది. 1930లో యూబా సిటీ పక్క పల్లెలో ఆయన దొరికాడు. పేరు, భార్య, ఓ కొడుకు. జాతి గడిలో ‘హిందూ’. సిక్కయినా ముస్లిమయినా అప్పుడు ఇండియావాళ్లందరికీ ఇక్కడ అదే పేరు. పక్కన ‘ఏఎల్’. 1940లోనూ ‘ఏఎల్’.

అంటే పౌరుడు కాలేదు. ఆయన అవ్వాలనుకున్నా అయ్యేవాడు కాదు.

1790 నాటి చట్టం ప్రకారం పౌరసత్వం ‘స్వేచ్ఛగల తెల్లవారికి’ మాత్రమే. 1870లో ఆఫ్రికా మూలాలవారిని చేర్చారు. మధ్యలో ఉన్న మనమెవరం? కొన్ని కోర్టులు ఇండియావాళ్లకి ఇచ్చాయి, కొన్ని ఇవ్వలేదు. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసిన భగత్ సింగ్ తింద్ సుప్రీంకోర్టు దాకా వెళ్లాడు. మేమూ ఆర్యులమే, శాస్త్రం ప్రకారం కాకేసియన్లమే అని వాదించాడు. 1923 ఫిబ్రవరి 19న కోర్టు చెప్పింది ఒకటే. శాస్త్రం సంగతి వదిలెయ్యండి, మామూలు మనిషి ‘తెల్లవాడు’ అంటే మీరు గుర్తుకురారు. సొంతంగా ఆలోచిస్తే తింద్ వాదన నాకు నచ్చదు. ‘మేమూ మీలాంటివాళ్లమే, కిందివాళ్లం కాదు’ అనే వాదన అది. కానీ ఆ ఫారంలో ఉన్న గడులు రెండే. మూడోది లేనప్పుడు మనిషి ఏం రాస్తాడు?

తీర్పు తర్వాత ఇంకో పని మొదలైంది. అప్పటికే ఇచ్చిన పౌరసత్వాల్ని వెనక్కి లాక్కోవడం. పెషావర్ నుంచి 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో వచ్చిన వైష్ణోదాస్ బగాయ్ శాన్‌ఫ్రాన్సిస్కోలో వ్యాపారం చేసుకునేవాడు. 1921లో పౌరుడయ్యాడు. తీర్పు తర్వాత అది రద్దయింది, దాంతోపాటు ఆస్తి పెట్టుకునే హక్కూ పోయింది. బ్రిటిష్ పాస్‌పోర్టు తీసుకుని ఇండియా వెళ్లి రమ్మన్నారు. ఏ బ్రిటిష్ పాలన వద్దని వచ్చాడో ఆ పాస్‌పోర్టే. 1928లో ఆత్మహత్య చేసుకున్నాడు. కారణం ఇదేనని రాసి పత్రికకి పంపాడు. ఆ కుటుంబం అంతకుముందు బర్క్‌లీలో ఇల్లు కొనుక్కుని సామాన్లతో వెళితే ఇరుగుపొరుగు తాళాలేసి లోపలికి రానివ్వలేదు. అదే బర్క్‌లీ ఊరి నడిబొడ్డున ఇప్పుడు ‘కళా బగాయ్ వే’ అని వీధి ఉంది. నేను శనివారం ఫిల్టర్ కాఫీ కోసం ఆ దారినే వెళ్తుంటాను. ఆ బోర్డు మీద పేరు ఎవరిదో తెలుసుకోవడానికి నాకు శాన్ బ్రూనో దాకా వెళ్లాల్సొచ్చింది.

ఈ తలుపు 1946 జులై 2న తెరుచుకుంది. ట్రూమన్ సంతకంతో ఇండియావాళ్లకి పౌరసత్వ హక్కు వచ్చింది, ఏడాదికి 100 మంది కొత్తవాళ్లకి ప్రవేశమూ వచ్చింది. దేశం మొత్తానికి వంద! ఇప్పుడు మేము గ్రీన్‌కార్డు లైన్లో దేశానికి 7 శాతం అని తిట్టుకుంటూ నిల్చున్నాం. ఆ చట్టంతో లాభపడ్డవాళ్లలో దలీప్ సింగ్ సౌంద్ ఒకడు. బర్క్‌లీలో గణితంలో పీహెచ్‌డీ చేసి, రైతుగా బతికి, 1949లో పౌరుడై, 1956లో ఏకంగా కాంగ్రెస్‌కి ఎన్నికయ్యాడు. ఈ ముత్తాత మాత్రం తలుపు తెరుచుకోవడానికి ఏడాది ముందే వెళ్లిపోయాడు.

మరి కోడి కోసిన కథ?

మధ్యాహ్నం దాటాక మళ్లీ సింగ్‌ల వరసకే వచ్చాం. ఈసారి మగవాళ్ల పేర్లు వదిలేసి చదువుతుంటే, ఓ చోట సింగ్ పక్కన స్పానిష్ ఆడపేరు. అమ్మాయి వేలు ఆగిపోయింది. అది వాళ్ల ముత్తమ్మమ్మ పేరు. శాక్రమెంటో ఫెడరల్ కోర్టు, 1934. పౌరసత్వానికి అర్జీ.

టెక్సస్‌లో పుట్టినావిడకి అమెరికా పౌరసత్వం అర్జీ ఎందుకు? నాకు అర్థం కాలేదు. అక్కడి ఉద్యోగినికి మాత్రం ఆశ్చర్యమేమీ లేదు. రోజూ చూసేదే. 1907 నుంచి ఇక్కడో చట్టం ఉండేది. అమెరికా ఆడమనిషి విదేశీయుణ్ణి చేసుకుంటే ఆవిడా విదేశీయురాలే. 1922లో దాన్ని సడలించారు. కానీ ఓ మెలిక పెట్టారు. మొగుడు పౌరసత్వానికి అర్హతే లేని జాతివాడైతే మాత్రం పాత శిక్షే. తింద్ తీర్పుతో ఇండియావాళ్లంతా ఆ జాబితాలో పడ్డారు. ఆవిడ పెళ్లి 1927లో జరిగింది. పెళ్లిరోజున పుట్టిన దేశంలోనే పరాయిదైపోయింది. ఆ మెలిక 1931లో తీసేశారు. అప్పుడు మళ్లీ ప్రమాణం చేసి తన పౌరసత్వం తాను తెచ్చుకోవాలి. చాలామంది ఆడవాళ్లకి ఆ సంగతి తెలిసే ఉండదు. ఈవిడకి ఎవరు చెప్పారో, యూబా సిటీ నుంచి శాక్రమెంటో కోర్టుకి వెళ్లి చేసింది.

ఫారం తెచ్చి బల్ల మీద పెట్టారు. కింద ఆవిడ సంతకం, ఒక్కో అక్షరం విడివిడిగా, నొక్కి రాసినట్టు. సాక్షులిద్దరు. ఒకరి వృత్తి రైతు, ఇంకొకరిది కిరాణా కొట్టు. విధేయత వదులుకుంటున్న రాజుగారి గడిలో జార్జి ది ఫిఫ్త్. లండన్ మొహం చూడని టెక్సస్ మెక్సికన్ ఆడమనిషి ఇంగ్లండు రాజుకి రాజీనామా ఇచ్చింది! నవ్వొచ్చింది, గది గుర్తొచ్చి ఆపుకున్నాం. ఇంట్లో చెప్పుకున్న కథ నిజమే. కోర్టూ నిజం, ప్రమాణమూ నిజం, కోడీ నిజమే అయ్యుంటుంది. ప్రమాణం చేసింది ఆయన కాదు, ఆవిడ. రెండు తరాలు దాటేసరికి ఆ గౌరవం ఎవరూ అడక్కుండానే మగాడి ఖాతాలోకి వెళ్లిపోయింది.

అర్జీలో ‘భర్త’ అనే వాక్యం ఉంది. ‘అతను ఫలానాచోట పుట్టాడు, ఫలానా రేవులో ఫలానా తేదీన దిగాడు’ అని ఖాళీలు. మొదటి ఖాళీలో జలంధర్ జిల్లా పేరు, దాని ముందు ఓ పల్లె పేరు. గుమస్తాకి ఎలా వినిపిస్తే అలా టైప్ చేశాడు. ఆ పేరు ఇక్కడ రాయను, అది వాళ్లింటి సొత్తు. రెండో ఖాళీలో శాన్‌ఫ్రాన్సిస్కో, 1912. అమ్మాయి ఫోన్‌తో ఫొటో తీసింది, వణికిపోయి మసగ్గా వచ్చింది. మళ్లీ తీసింది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 1912లో దిగాడంటే ఏంజెల్ ఐలండ్ మీదుగా వచ్చుండాలి. ఆ ఆదివారం ఫెర్రీ ఎక్కాం. నీళ్ల మీద నుంచి గోల్డెన్ గేట్ వంతెన కనిపిస్తుంది. ఆయన వచ్చినప్పుడు వంతెన లేదు. రేవు నుంచి మెట్లెక్కి, యూకలిప్టస్ చెట్ల కింద గుట్ట చుట్టూ నడిస్తే పాత ఇమిగ్రేషన్ స్టేషన్. 1910 నుంచి 1940 దాకా పనిచేసింది. న్యూయార్క్ దగ్గరి ఎల్లిస్ ఐలండ్‌కి చెల్లెలంటారుగానీ పోలిక కుదరదు. అక్కడ చాలామంది గంటల్లో బయటపడేవారు. ఇక్కడ ఆసియావాళ్లని రోజులు, వారాలు, కొందర్ని నెలలు ఉంచారు. ఇండియావాళ్లని కొంకిపురుగుల పరీక్ష పెట్టి వెనక్కి పంపేవారు. లేదంటే ‘ప్రభుత్వానికి భారమయ్యేలా ఉన్నాడు’ అనేవారు. మూడంతస్తుల ఇనప మంచాలు ఇప్పటికీ ఉన్నాయి, చేతులు చాపితే అటూ ఇటూ తగులుతాయి. గోడల మీద చైనీయులు చెక్కిన కవితలు రంగు పొరల కింద నుంచి కనిపిస్తాయి. 1970లో ఓ పార్కు ఉద్యోగి గమనించకపోతే భవనం కూల్చేసేవారే.

ఆ ఏడాదే, 1912లో, మన తెలుగువాడు దరిశి చెంచయ్య అమెరికా వచ్చాడు. చదువుకోడానికి వచ్చి గదర్ పార్టీలో కలిశాడు. ఆయన ‘నేనూ నా దేశం’ అని ఆత్మకథ రాసుకున్నాడు కాబట్టి ఆయన కథ మనకుంది. పక్క మంచం మీద పడుకున్న జలంధర్ రైతుకి ఆత్మకథ లేదు. అతని పెళ్లాం నింపిన ఫారంలో ఒకటిన్నర వాక్యం ఉంది.

తర్వాతి వారం యూబా సిటీ వెళ్లాం. రెండున్నర గంటల దారి. చివర్లో రోడ్డుకి రెండువైపులా పీచ్, వాల్‌నట్ తోటలు, మధ్యలో ఎక్కణ్ణుంచో ఊడిపడ్డట్టు సటర్ కొండలు. నవంబర్ మొదటివారంలో ఇక్కడ సిక్కుల నగర కీర్తనకి వేలమంది వస్తారు. మేం వెళ్లినప్పుడు ఊరు ప్రశాంతంగా ఉంది.

అమ్మమ్మగారు నన్ను ‘‘మీహో’’ అని పిలిచారు. స్పానిష్‌లో ‘నాయనా’ అన్నట్టు. కాగితం చేతికిస్తే ముందు ఊరి పేరు చూడలేదు. తల్లి సంతకం చూశారు. ‘‘మా అమ్మ రాయగలదని నాకు తెలీదు’’ అన్నారు. తర్వాత పిల్లల జాబితా చదివి, ‘‘నేను లేను’’ అన్నారు. ఆవిడ పుట్టింది 1937లో. జాబితాలో ఉన్న అన్నయ్య పేరు మీదే పొలం ఉండేదట. తండ్రి పౌరుడు కాలేడు కాబట్టి కాలిఫోర్నియా 1913 చట్టం ప్రకారం భూమి కొనకూడదు. ఇక్కడ పుట్టిన కొడుక్కి ఆ బాధ లేదు. ‘‘మా అన్నయ్య ఆరేళ్లకే భూస్వామి. నాన్న ఆయన దగ్గర పాలేరు’’ అని నవ్వారు.

‘పిండ్’ సంగతి నేనే చెప్పాల్సొచ్చింది. ఆవిడ ఏమీ అనుకోలేదు. నిజమైన పేరు రెండుమూడుసార్లు పలికి చూసుకున్నారు. నేను ఫోన్లో మ్యాప్ తీశాను. ఇక్కడే ఇంకో చిక్కు. ఆ పేరుతో అక్కడ రెండు పల్లెలున్నాయి, ఒకటి కలాన్, ఒకటి ఖుర్ద్. మన పల్లెల పేర్లలో పెద, చిన అన్నట్టు. ఆయన ఏదో ఒకటి చెప్పే ఉంటాడు. టైప్ చేసిన గుమస్తాకి తోక అక్కర్లేదనిపించింది.

తేల్చడానికి ఇంకో కాగితం ఉంది. 1940లో యుద్ధభయంతో పద్నాలుగేళ్లు దాటిన విదేశీయులందర్నీ పేరు నమోదు చేసుకోమన్నారు, వేలిముద్రలు తీసుకున్నారు. ఆ ఏఆర్-2 ఫారంలో పుట్టిన ఊరు, వచ్చిన ఓడ, పని, బంధువులు అన్నీ అడిగారు. పౌరుడు కానివాళ్లని వెతికేవాళ్లకి అదే పెద్ద దిక్కు. వాటి ప్రతులు యుఎస్‌సిఐఎస్ వంశచరిత్ర విభాగం ఇస్తుంది. ఈసారి ఆయన సొంతంగా, తన నోటితో చెప్పిన ఊరు ఉంటుంది. ఆ పూటే అభ్యర్థన నింపాం. పేరు ఎన్ని రకాలుగా రాసుండొచ్చో అన్నీ రాశాం.

అమ్మమ్మగారు మ్యాప్ ఇంకా చూస్తూనే ఉన్నారు. ‘‘ఈ రెండింటికీ మధ్య ఎంత దూరం?’’

‘‘రెండు కిలోమీటర్లుంటుందండీ.’’

‘‘అయితే రెండూ చూడొచ్చు’’ అని, మనవరాలి వైపు తిరిగి పాస్‌పోర్టు ఎప్పటిదాకా చెల్లుతుందో చూడమన్నారు. ప్రయాణం ఫిబ్రవరికి అనుకుంటున్నారు. జవాబు ఇంకా రాలేదు.